ఒహాయోలో గొలుసు జాడ

మొదటి రోజు, గురువారం

టౌన్‌షిప్ అనగానే మనకి విశాఖ ఉక్కునగరం గుర్తొస్తుంది. లేదంటే హైదరాబాద్ శివార్లలో గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు నంబరు రాసుకుని లోపలికి పంపే విల్లాలు. అమ్మాయి వాళ్ళుండే డబ్లిన్ కొలంబస్ పక్కనే ఉంటుంది. అక్కణ్ణించి కారులో కాస్త దూరం పోతే మొక్కజొన్న చేల మధ్య ఫలానా టౌన్‌షిప్ అని బోర్డు కనపడింది. చుట్టూ చూశాను. టౌనూ లేదు, షిప్పూ లేదు.

"మన మండలం లాంటిదే మావయ్యగారూ. ముగ్గురు ట్రస్టీలుంటారు, రోడ్లూ శ్మశానాలూ చూసుకుంటారు. ఒహాయోలో దాదాపు 1,300 ఉన్నాయి" అన్నారు అల్లుడుగారు.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వేయరుగా చేసి రిటైరయినవాణ్ణి. ఊరికే ఉండలేక ఆ రాత్రి కంప్యూటర్లో ఒహాయో తూర్పు వైపు మ్యాపు తీయించుకుని చూశాను. లెక్కల నోట్సు కాగితంలా గళ్ళు. ఒక్కో గడి ఆరు మైళ్ళ పొడుగు, ఆరు మైళ్ళ వెడల్పు. మన ఎఫ్‌ఎంబీలో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, ఏ పొలమైనా అలా ఉంటుందా? పంట బోదె వంకర తిరిగితే గట్టూ తిరుగుతుంది. అన్నదమ్ములు పంచుకుంటే ముక్క త్రికోణమవుతుంది. ఈ గళ్ళు మొదటిసారి ఎక్కడ గీశారో చూడాలన్నాను. అమ్మాయి నవ్వింది గానీ అల్లుడుగారు గురు, శుక్రవారాలు సెలవు పెట్టేసి, గురువారం పొద్దున్నే కారు తీశారు. మా ఆవిడ పులిహోర కట్టింది.

ఈస్ట్ లివర్‌పూల్ మూడు గంటల దారి. ఒకప్పుడు పింగాణీ సామానుకి పేరు పడ్డ ఊరు. ఊరు దాటి ఒహాయో నది పక్కనే తూర్పుకి వెళుతుంటే పెన్సిల్వేనియాకి స్వాగతం అన్న బోర్డు వచ్చేసింది. మేం చూడాల్సిన రాయి రాష్ట్ర సరిహద్దు మీదే ఉంది, దాన్ని దాటేశాం. "ముప్ఫై ఏళ్ళు హద్దురాళ్ళు వెతికారు కదండీ" అని వెనక సీట్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది. కారు తిప్పాం.

రోడ్డు వారన చిన్న స్థలం, అందులో నిలువు రాయి. దాని మీద రాసింది చదివి నాకు నవ్వాగలేదు. అసలు చోటు ఇది కాదట, ఇక్కడికి 1,112 అడుగులు దక్షిణానట. దక్షిణాన ఉన్నది నది. ఆనకట్టలు కట్టాక నీళ్ళు పెరిగి ఆ చోటు మునిగిపోయింది.

"అంటే లేని రాయి చూడ్డానికి మూడు గంటలు వచ్చామా?" అంది మా ఆవిడ.

వచ్చాం. ఇంగ్లండు మీద యుద్ధం గెలిచేసరికి అమెరికా ఖజానా ఖాళీ. సైనికులకి జీతం కింద ఇచ్చిన పత్రాలకి బజార్లో విలువ లేదు. ఉన్న ఆస్తల్లా నది అవతలి భూమి. దాన్ని అమ్మాలంటే ముందు కొలవాలి. 1785 మే 20న కాంగ్రెస్ భూమి చట్టం చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 30న థామస్ హచిన్స్ ఈ నది ఒడ్డున గొలుసు పరిపించాడు. ఆయన హోదా జాగ్రఫర్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్. తిన్నగా పడమటికి ఒక గీత, దాని కింద ఆరేసి మైళ్ళ వెడల్పున ఏడు పట్టీలు. ఒక్కో పట్టీ పేరు రేంజి. రేంజిని ఆరేసి మైళ్ళకి కోస్తే టౌన్‌షిప్. టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు. మొత్తం 23,040 ఎకరాలు. ఎకరం ఒక డాలరు.

ఆ గొలుసు నాకు తెలిసిన గొలుసే. ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన 1620లో చెప్పిన కొలత: 66 అడుగులు, 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు మన సెంటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే లాగించాను. పది లింకులకో ఇత్తడి బిళ్ళ వేలాడుతుంది. పదో లింకు బిళ్ళకి ఒక పన్ను, ఇరవైకి రెండు, ముప్ఫైకి మూడు, నలభైకి నాలుగు. యాభై దగ్గర గుండ్రటి బిళ్ళ. అక్కణ్ణించి మళ్ళీ నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఏ చివర నుంచి పట్టుకున్నా లెక్క ఒకటే. బురదలో కళ్ళకి కనపడకపోయినా బొటనవేలితో తడిమితే తెలిసిపోతుంది. మోసం అంతా లింకుల్ని కలిపే కడియాల్లో ఉంటుంది. రోజూ లాగితే అవి అరిగి గొలుసు సాగుతుంది. సాగిన గొలుసుతో కొలిస్తే రైతుకి పొలం తగ్గినట్టు వస్తుంది, ఇక ఆ సాయంత్రం ఊళ్ళో మన పని అయిపోతుంది.

ఇక్కడ పొలాల్లేవు, రైతుల్లేరు. చేతులు కలిపినా అందని మానులున్న అడవి. రాళ్ళు పాతే ఓపిక లేక చెట్లకే గొడ్డలి గాట్లు పెట్టమని చట్టం చెప్పింది. కూలి మైలుకి రెండు డాలర్లు. అందులోనే గొలుసు పట్టేవాళ్ళు, గాట్లు పెట్టేవాళ్ళు, తిండి, సకలం. చైన్‌మన్‌లకి టీ డబ్బులు జేబులోంచి ఇచ్చుకున్న నాకు ఆ రేటు చూసి హచిన్స్ మీద జాలేసింది. ఆ ఏడాది నాలుగు మైళ్ళు కూడా సాగలేదు. పడమట ఇండియన్ తెగలు, అంటే అక్కడి ఆదివాసులు, కోపంగా ఉన్నాయని కబురొచ్చి మూటాముల్లె సర్దుకున్నారు.

వాళ్ళకి కోపం ఎందుకో తెలియాలంటే ఒక్క ఏడాది వెనక్కి వెళ్ళాలి. 1784లో ఇరక్వా తెగలు ఒహాయో భూమి మీద హక్కు వదులుకుంటూ సంతకాలు పెట్టాయి. అక్కడ ఉంటున్నదేమో డెలావేర్లు, షానీలు, వయాండాట్లు. మరుసటి జనవరిలో డెలావేర్, వయాండాట్ పెద్దల్లో కొందరి చేతా సంతకాలు పెట్టించారు, షానీలు ఆ చోటికే రాలేదు. సాగులో ఒకడుంటే రాసిచ్చింది ఇంకొకడు. ఇలాంటి ఫైళ్ళు నా బీరువాలో ఎన్ని ఉండేవో.

రాత్రి ఊళ్ళోనే బస.

రెండో రోజు, శుక్రవారం

పొద్దున్నే నది పక్క రోడ్డు పట్టుకున్నాం. ఆకులు ఎర్రబడే కాలం. అవతలి గట్టు వెస్ట్ వర్జీనియా.

స్ట్యూబెన్‌విల్లో ఆగాం. 1786 చలికాలంలో సర్వేయర్లకి కాపలాగా సైనికులు కోట కట్టిన చోటు ఇది. నాలుగేళ్ళకే పాడుపడింది, అదే చోట ఇప్పుడు మళ్ళీ కట్టి చూపిస్తున్నారు. దుంగల గోడలు, మూలకో బురుజు. పక్కనే 1801 నాటి లాండ్ ఆఫీసు, చిన్న దుంగల ఇల్లు. భూమి కొనేవాడు వచ్చి డబ్బు కట్టి కాగితం రాయించుకునే చోటన్న మాట. ఆ గుమ్మంలో నిలబడితే మా పాత సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండా గుర్తొచ్చింది. దస్తావేజు లేఖరి ఒక్కడే తక్కువ.

ఈ కోటలో సైనికులు కాసింది ఇండియన్ల నుంచి మాత్రమే కాదని నాకు ఇక్కడికి వచ్చాకే తట్టింది. సర్వే మొదలు కాకముందే ఈ ఒడ్డుకి తెల్ల కుటుంబాలు కొన్ని దాటొచ్చి గుడిసెలు వేసుకుని మొక్కజొన్న వేసుకున్నాయి. కాగితం లేదు, పట్టా లేదు. 1785 వసంతంలో సైన్యం వచ్చి ఖాళీ చేయమంది, గుడిసెలు తగలబెట్టింది. సైన్యం అటు తిరగ్గానే వాళ్ళు మళ్ళీ వేసుకున్నారు. పోరంబోకు ఆక్రమణలు తీయించడానికి పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళ్ళిన రోజులు నాకూ ఉన్నాయి. తహసీల్దారు జీపు చెరువు మలుపు తిరిగేలోపు తాటాకు మళ్ళీ పైకెక్కేది.

ఇంతా చేసి మొదటి ఏడాది అమ్మకాలు ఏమంత లేవు. 1787లో న్యూయార్క్‌లో వేలం వేస్తే దాదాపు 73 వేల ఎకరాలు పోయాయి. కారణం సులువు. చిల్లర అమ్మకానికి అతి చిన్న ముక్క 640 ఎకరాల సెక్షన్. అంటే కనీసం 640 డాలర్లు, పైన సర్వే ఖర్చు. గుడిసె వేసుకున్నవాడి దగ్గర అంత ఉంటే గుడిసె ఎందుకు వేసుకుంటాడు?

కారులో పులిహోర తింటూ ఇదంతా చెబుతుంటే అల్లుడుగారు కారన్‌వాలిస్ సంగతి ఎత్తారు. నిజమే, బడిలో చదివాం. యార్క్‌టౌన్‌లో 1781లో అమెరికా వాళ్ళకి లొంగిపోయిన ఆ దొరే 1786లో మనకి గవర్నర్ జనరల్‌గా దిగాడు. 1793లో బెంగాల్లో జమీందార్లకి శాశ్వత శిస్తు కట్టిపెట్టాడు. 1802 నుంచి ఉత్తర సర్కార్లకీ, అంటే మా గోదావరి జిల్లాలకీ, అదే వచ్చింది. అతన్ని ఓడించినవాళ్ళు ఇక్కడ అడవిని గళ్ళు గీసుకుంటున్న రోజుల్లోనే మనకి జమీందార్లు రాసిపెట్టి ఉన్నారు.

మధ్యాహ్నానికి మెరియెట్టా చేరాం.

మూడో రోజు, శనివారం

ఈ ఊళ్ళో ఒక రోజంతా ఉన్నాం. ఇంకో రోజున్నా సరిపోయేది కాదు.

1786 మార్చి 1న బోస్టన్‌లో బంచ్ ఆఫ్ గ్రేప్స్ అనే సారా కొట్లో కొందరు మాజీ సైనికాధికారులు కూర్చుని ఒహాయో కంపెనీ పెట్టారు. పెద్ద మనిషి రూఫస్ పుట్నమ్. వాటా వెయ్యి డాలర్లు, అయితే ఆ విలువ లేని పత్రాల్లోనే కట్టొచ్చు. ఖర్చులకి మాత్రం పది డాలర్ల బంగారమో వెండో చేతిలో పెట్టాలి. మాటకారి పాస్టరు మనాసే కట్లర్ కాంగ్రెస్ చుట్టూ తిరిగి పదిహేను లక్షల ఎకరాలకి బేరం కుదిర్చాడు. అప్పుడే, 1787 జులై 13న, ఈ ప్రాంతానికి ఒక శాసనం వచ్చింది. అందులో మూడు మాటలు నన్ను పట్టుకున్నాయి. నదికి ఇవతల బానిసత్వం ఉండకూడదు. చదువుని ప్రోత్సహించాలి. ఇండియన్ల భూమి వాళ్ళ సమ్మతి లేకుండా తీసుకోకూడదు.

చదువు మాట ఊరికే రాయలేదు. ప్రతి టౌన్‌షిప్‌లో 16వ సెక్షన్ బడికి వదిలేశారు. ఒహాయో కంపెనీ భూముల్లో 29వ సెక్షన్ చర్చికి. మన భాషలో చెప్పాలంటే బడి మాన్యం, దేవుడి మాన్యం. హోటల్లో కాగితం మీద గళ్ళు గీసి అల్లుడుగారికి చూపించాను. ఆగ్నేయ మూల నుంచి ఒకటి మొదలు, ఉత్తరానికి ఆరు దాకా, మళ్ళీ కింది నుంచి ఏడు. పదహారు ఎక్కడ పడిందో చూడండి, ఇంచుమించు నడిమధ్యన. ఏ ఇంటి నుంచైనా పిల్లలు నడిచి రాగలరు. 1796లో నంబర్లు మార్చి, నాగలి చాలు మళ్ళినట్టు ఓ వరస అటు, ఓ వరస ఇటు వేశారు. అప్పుడూ పదహారు మధ్యలోనే ఉంది.

రెండు జట్లుగా 48 మంది బయల్దేరారు. ఒకటి 1787 డిసెంబరులో మసాచుసెట్స్ నుంచి, రెండోది జనవరి 1న హార్ట్‌ఫోర్డ్ నుంచి. కొండల్లో మంచు. పెన్సిల్వేనియాలో యాకగేనీ నది ఒడ్డున కలుసుకుని పడవలు కట్టుకున్నారు. పెద్ద పడవ 45 అడుగుల పొడుగు. ఏప్రిల్ 1న వదిలి, 7న మస్కింగమ్ నది ఒహాయోలో కలిసే ఈ చోట దిగారు. ఒడ్డున డెలావేర్ పెద్ద కెప్టెన్ పైప్ తన వాళ్ళు డెబ్బై మందితో ఎదురొచ్చి పలకరించాడు. మర్యాదగానే పలకరించాడు.

కాంపస్ మార్షియస్ మ్యూజియం అంటే ఒక ఇంటి చుట్టూ కట్టిన ఇల్లు. పుట్నమ్ ఇల్లు అక్కడే, పునాది కదలకుండా, లోపల ఉంది. హాల్లో నడుస్తుంటే హఠాత్తుగా చెక్క గోడ, కిటికీ ఎదురవుతాయి. గదులు ఇరుకు, మెట్లు నిట్టనిలువు. మా ఆవిడ వంటింటి పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడి, పొగ పోయే దారి బాగా పెట్టుకున్నారంది. ఆ రోజుల్లో ఈ ఇల్లు 180 అడుగుల చదరపు కోటలో ఒక గోడ భాగం. నాలుగు మూలలా బురుజులు, మధ్యలో ఖాళీ. కంపెనీ లాండ్ ఆఫీసు, 1788ది, మ్యూజియం వెనకే పెట్టారు.

పుట్నమ్ మీద నాకు తెలియని అభిమానం పుట్టింది. పెద్దగా బడికి వెళ్ళనివాడు, మిల్లులు కట్టే పని చేసి, యుద్ధంలో గట్లు కట్టి, సర్వే సొంతంగా నేర్చుకున్నాడు. 1796లో దేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1803లో అధ్యక్షుడు జెఫర్సన్ తీసేశాడు. రాజకీయం సరే, గణితం చాలదన్న మాట కూడా ఉంది. ఆయన స్థానంలో జారెడ్ మాన్స్‌ఫీల్డ్ అనే లెక్కల పండితుడు వచ్చాడు. పై ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళు మన కొలతల్లో అర లింకు తేడా పట్టుకుని మెమో ఇవ్వడం నాకు కొత్త కాదు. దేశంలోని ఏ చెట్టు దగ్గర కాలు జారుతుందో పుట్నమ్‌కి తెలుసు, అది ఏ పరీక్షలోనూ అడగరు.

మొదటి రెండేళ్ళు తిండి కష్టం. 1789లో ముందే మంచు పడి మొక్కజొన్న చచ్చింది, 1790ని ఆకలి ఏడాది అన్నారు. ఊరి పేరు మాత్రం యుద్ధంలో సాయం చేసిన ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ మీద పెట్టారు.

మధ్యాహ్నం మౌండ్ శ్మశానానికి వెళ్ళాం. చుట్టూ సైనికాధికారుల సమాధులు, పుట్నమ్‌దీ అక్కడే. మధ్యలో దాదాపు ముప్ఫై అడుగుల మట్టి దిబ్బ, చుట్టూ కందకం. రెండు వేల ఏళ్ళ నాటిది. రాతి మెట్లెక్కి పైకి వెళితే ఊరంతా కనపడుతుంది. 48 మంది వచ్చేసరికి ఈ దిబ్బల మీద మహావృక్షాలు మొలిచి ఉన్నాయి. మనాసే కట్లర్ ఒక చెట్టు కొట్టించి వలయాలు లెక్కపెడితే 400కు పైగా తేలాయట. చెట్టు వయసే అంత ఉంటే దిబ్బ వయసెంత అని ఆయన ప్రశ్న. పాత గట్లకి లాటిన్ పేర్లు పెట్టి ఊరి ప్లానులో వదిలిపెట్టారు. ఇప్పుడు ఒక దిబ్బ మీద ఊరి లైబ్రరీ ఉంది. సాక్రా వియా అని నది దాకా దిగే దారికి రెండు వైపులా ఉన్న ఎత్తైన మట్టి గోడల్ని మాత్రం తర్వాతి తరాలవాళ్ళు ఇటుకలు కాల్చుకున్నారు. గోడలు పోయి గడ్డి మైదానం మిగిలింది.

మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటుండగా ఒక విషయం లాగుతూనే ఉంది. మన అడంగల్లో అనుభవదారు అని ఒక గడి ఉంటుంది. పట్టా ఎవరి పేరున్నా సరే, ఈ ఏడాది ఆ నేల మీద ఉన్నదెవరు, వేసిన పంటేమిటి అని రాయాలి. ఎన్ని మోసాలు జరిగినా ఆ గడి ఉంటుంది. 1785 చట్టం సర్వేయర్లని ఏమేం రాయమందో చదివాను. గనులు, ఉప్పు ఊటలు, మిల్లు పెట్టడానికి పనికొచ్చే చోట్లు, నేల ఎలాంటిది. అనుభవదారు గడి లేదు.

నాలుగో రోజు, ఆదివారం

మస్కింగమ్ పక్కన పైకి వెళ్ళాం. నది నిదానంగా ఉంది. స్టాక్‌పోర్ట్ దగ్గర బిగ్ బాటమ్ అనే చిన్న పార్కు. నది వంపులో చదును నేల, మధ్యలో పన్నెండు అడుగుల పాలరాతి స్తంభం. మేం తప్ప ఎవరూ లేరు.

1790 చలికాలం ముందు మెరియెట్టా నుంచి కొందరు కుర్రాళ్ళు, కొన్ని కుటుంబాలు ఇక్కడికి వచ్చి దుంగల ఇల్లు ఒకటి లేపారు. దుంగల మధ్య సందులు పూడ్చలేదు, చుట్టూ కంచె కట్టలేదు, కాపలా పెట్టలేదు. పెద్దవాళ్ళు ఇప్పుడొద్దన్నా వినలేదంటారు. 1791 జనవరి 2 సాయంత్రం భోజనాల వేళ డెలావేర్లు, వయాండాట్లు వచ్చి పడ్డారు. స్తంభం మీద ఉన్నవి చనిపోయిన సెట్లర్ల పేర్లు. పన్నెండు మందంటారు, వాళ్ళలో ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు.

ఆ తర్వాత నాలుగేళ్ళు మెరియెట్టావాళ్ళు కోటల్లోనే గడిపారు. తుపాకీ పెట్టుకుని దుక్కి దున్నారు. ఆ నవంబరులో గవర్నర్ సెయింట్ క్లెయిర్ సైన్యాన్ని తీసుకెళితే తెగలన్నీ కలిసి ఆరు వందల మందికి పైగా సైనికుల్ని చంపాయి. కాంగ్రెస్ ఒక ఉపాయం చేసింది. 1792లో ఇక్కడ లక్ష ఎకరాలు పక్కన పెట్టి, వచ్చి ఉండే మగవాడికి వంద ఎకరాలు ఉచితం అంది. పక్కవాళ్ళకి కంచెలా బతకమని ఇచ్చిన భూమి. చివరికి 1794లో ఫాలెన్ టింబర్స్ దగ్గర తెగలు ఓడిపోయాయి, 1795 ఆగస్టులో గ్రీన్‌విల్‌లో సంతకాలయ్యాయి. ఒహాయోలో చాలా భాగం అలా చేయి మారింది. సమ్మతి అన్న మాట 1787 శాసనంలో ఉందని చెప్పాను కదా. ఇక్కడ సమ్మతి పుట్టిన పద్ధతి ఇది.

మా ఆవిడ స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి, "అవతలివాళ్ళ పేర్లు లేవేం?" అంది. పక్కన ఉన్న బోర్డులన్నీ చదివాం. లేవు.

అక్కణ్ణించి గుట్టల మధ్య సన్న రోడ్లలో ఏమ్స్‌విల్ చేరేసరికి రెండయింది. ఏమ్స్ టౌన్‌షిప్‌లో ఊరు ఇది, ఫెడరల్ క్రీక్ అనే వాగు పక్కన నాలుగు వీధులు. గ్రీన్‌విల్ అయ్యాక మూడు నాలుగేళ్ళలో మనాసే కొడుకు ఇఫ్రయిమ్ కట్లర్, జార్జ్ యూయింగ్ అనే ఆయన కుటుంబాలతో ఇక్కడికి వచ్చారు. టౌన్‌షిప్ మొలవడం అంటే ఎలా ఉంటుందో ఈ ఊరి కథలో నాకు తేటగా కనపడింది.

డబ్బు లేదు. నిజంగానే లేదు, నాణెం కళ్ళ చూడ్డం అరుదు. పంట పండినా అమ్మడానికి దారి లేదు. కానీ వీళ్ళు న్యూ ఇంగ్లండ్ మనుషులు, చదువు అలవాటు. 1804లో కూర్చుని పుస్తకాలు తెప్పించుకుందాం అనుకున్నారు. ఎలా? అడవిలో రకూన్లున్నాయి. కళ్ళకి నల్ల గంతలు కట్టుకున్నట్టుండే జంతువు, అమ్మాయి వాళ్ళ చెత్త డబ్బా రాత్రిళ్ళు బోర్లించేది అదే. దాని తోలుకి బోస్టన్‌లో గిరాకీ ఉంది. ఇంటింటా తోళ్ళు పోగేశారు. జార్జ్ కొడుకు థామస్ యూయింగ్ అప్పటికి కుర్రాడు, తన ఆస్తి మొత్తం పది తోళ్ళు తెచ్చి ఇచ్చాడు. శామ్యూల్ బ్రౌన్ అనే ఊరాయన బండి మీద వాటిని బోస్టన్ తీసుకెళ్ళి అమ్మి, మనాసే కట్లర్ సలహాతో 73 డాలర్ల 50 సెంట్లకి 51 పుస్తకాలు కొనుక్కొచ్చాడు. దీన్ని కూన్‌స్కిన్ లైబ్రరీ అంటారు. ఊళ్ళో చారిత్రక ఫలకం ఉంది, పుస్తకాల్లో కొన్ని కొలంబస్ మ్యూజియంలో ఉన్నాయి.

నాకు నచ్చింది ఏమిటంటే, అప్పటికి ఇక్కడ మంచి రోడ్డు లేదు. ఇవాళ మన పంచాయతీలో ఎవరైనా రోడ్డు కంటే ముందు పుస్తకాలు అంటే గ్రామసభ లేచిపోతుంది. గ్రంథాలయ సెస్సు మాత్రం పన్ను రసీదులో బుద్ధిగా ఉంటుంది.

ఆ పది తోళ్ళ కుర్రాడు పక్కనే ఏథెన్స్‌లో, కంపెనీ కాలేజీ మాన్యంగా వదిలిపెట్టిన రెండు టౌన్‌షిప్‌ల భూమి మీద పుట్టిన ఒహాయో యూనివర్సిటీలో చదివాడు. 1815లో అక్కడ మొదటి డిగ్రీలు తీసుకున్న ఇద్దరిలో ఒకడు. తర్వాత సెనేటరు, దేశానికి ఆర్థిక మంత్రి, అంతర్గత శాఖకి మొట్టమొదటి మంత్రి. తిరుగు దారిలో ఆ క్యాంపస్ మీదుగానే వచ్చాం. చీకటి పడుతోంది, దిగలేదు.

ఐదో రోజు, సోమవారం

ఇంట్లోనే ఉన్నాం. మోకాళ్ళు నొప్పి.

అల్లుడుగారు ఆఫీసుకి వెళ్ళే ముందు ఇంటి దస్తావేజు చూపించమన్నాను. నాలుగు రోజులుగా గళ్ళు చూసి చూసి, అమ్మాయి ఇల్లు ఏ టౌన్‌షిప్‌లో, ఏ సెక్షన్‌లో పడిందో తెలుసుకోవాలని. ఆయన ప్లాటు మ్యాపు తెరిచారు. సెక్షన్ లేదు. రేంజి లేదు. వర్జీనియా మిలిటరీ సర్వే అని ఒక నంబరు ఉంది.

తీరా చూస్తే, సియోటో నదికి పడమటి భూమిని వర్జీనియా తన సైనికుల కోసం అట్టిపెట్టుకుంది. ఈ ఇల్లు దానికి సరిగ్గా పడమటి ఒడ్డున. అక్కడ గళ్ళు గియ్యలేదు. ఎవడికి నచ్చిన ముక్క వాడు చూపించుకుని, ఫలానా వాగు మలుపు దగ్గర ఓక్ చెట్టు నుంచి ఫలానా చెట్టు దాకా అని రాయించుకున్నాడు. చెట్లు పడిపోయాయి, వాగులు పక్కకి జరిగాయి, ఒకడి ముక్క మీద ఇంకొకడి ముక్క ఎక్కింది. కోర్టుల్లో తరాల పాటు నడిచింది.

మ్యాపులో ఆ సర్వేల హద్దులు చూశాను. వంకరలు, కోణాలు, సన్నటి తోకలు. అచ్చం మా ఆకివీడు వైపు ఎఫ్‌ఎంబీలాగే.

"మీ స్థలం టేపు పెట్టి ఎప్పుడైనా కొలిచారా?" అన్నాను.

"లేదు మావయ్యగారూ, ఎందుకు?"

"సాయంత్రం త్వరగా రండి."

మా ఆవిడ వంటింట్లోంచి, పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు చూసుకోండి అంది.

అల్లుడుగారు వచ్చేసరికి ఆరు దాటింది. గరాజులో వంద అడుగుల టేపు దొరికింది. ఉత్తరపు హద్దు పిన్ను గడ్డిలో అరచెయ్యి లోతున ఉంది, వేలితో తవ్వాల్సొచ్చింది. అది పట్టుకుని నేను కూర్చుంటే, అల్లుడుగారు టేపు రెండో కొస పట్టుకుని కంచె వైపు వెనక్కి నడుస్తున్నారు.